గ్యాస్ అయిపోదు, కారిపోతుంది

ఏప్రిల్ నెల సగం గడిచేసరికి ఖమ్మంలోనూ, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం ప్రాంతాలలోనూ ఒక మాట ఇంటింటా వినిపిస్తుంది: "ఏసీలో గ్యాస్ అయిపోయిందండీ, నింపించాలి." మెకానిక్ వస్తాడు. సిలిండరు తగిలిస్తాడు. అరగంటలో గది చల్లబడుతుంది. డబ్బు తీసుకొని వెళతాడు. మరుసటి వేసవికి మళ్లీ అదే మాట, అదే సిలిండరు, అదే ఖర్చు. పొయ్యి మీది వంటగ్యాసు లాగా, బండిలోని పెట్రోలు లాగా ఏసీ గ్యాసు కూడా వాడగా వాడగా ఖర్చవుతుందని మనలో చాలామంది నమ్మకం. ఈ నమ్మకం శాస్త్రరీత్యా తప్పు. ఏసీలోని గ్యాసు ఖర్చు కాదు. అది తగ్గిందంటే ఎక్కడో రంధ్రం పడిందని అర్థం. ఆ రంధ్రాన్ని వెదకకుండా గ్యాసు నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండలు మన ప్రాంతానికి కొత్త కాదు. తునికాకు కోతకు అడవికి వెళ్లేవారు తెల్లవారకముందే బయలుదేరి ఎండ ముదరకముందే తిరిగి రావాలని చూసేది ఇందుకే. ఒకప్పుడు సంపన్నుల ఇండ్లకే పరిమితమైన ఏసీ యంత్రం ఇప్పుడు మధ్యతరగతి ఇండ్లలోకి, ఆసుపత్రులలోకి, కళాశాలల కంప్యూటరు గదులలోకి వచ్చింది. కనుక ఈ యంత్రం ఎట్లా పనిచేస్తుంది, గ్యాసు ఎందుకు కారుతుంది, కారినప్పుడు సరైన మరమ్మతు ఏది అన్న విషయాలను విద్యార్థి మిత్రులకూ, కళాశాల కార్యవర్గ పెద్దలకూ వివరించాలన్నదే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

కూజా చెప్పే పాఠం

కూజా, సురాయి అనే రెండు మాటలూ పారశీక, అరబ్బీ మూలాల నుంచి ఉర్దూ మీదుగా మన తెలుగులోకి వచ్చాయి. ఉర్దూ మాట్లాడే ఇంటిలోనైనా, తెలుగు మాట్లాడే ఇంటిలోనైనా ఆ మట్టిపాత్ర చేసే పని ఒక్కటే. దాని సన్నని రంధ్రాల గుండా నీరు పైకి చెమర్చి ఆవిరి అవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిని అది కూజాలోని నీటి నుంచి తీసుకుంటుంది. అందుచేత లోపలి నీరు చల్లబడుతుంది. కిటికీలకు కట్టి తడిపే వట్టివేళ్ల తడికల రహస్యం కూడా ఇదే.

ఏసీ యంత్రం కూడా ఒక కూజాయే. తేడా ఏమిటంటే, కూజా తన ఆవిరిని గాలిలో పోగొట్టుకుంటుంది, ఏసీ తన ఆవిరిని తిరిగి పట్టుకుంటుంది. ఏసీలో నీటికి బదులు అతి తక్కువ ఉష్ణోగ్రత వద్ద మరిగే ఒక ద్రవ్యం ఉంటుంది. మామూలు వాతావరణ పీడనం వద్ద నీరు 100 డిగ్రీలకు మరిగితే, ఆర్-22 అనే గ్యాసు సున్నాకు దిగువన 41 డిగ్రీల వద్ద, నేటి ఏసీలలో విరివిగా వాడే ఆర్-32 సున్నాకు దిగువన 52 డిగ్రీల వద్ద మరుగుతాయి. ఈ ద్రవ్యాన్నే వాడుకలో 'గ్యాస్' అంటున్నాము.

గది లోపలి పెట్టెలో సన్నని రాగి గొట్టాల చుట్ట ఉంటుంది. అందులో గ్యాసు తక్కువ పీడనం మీద మరిగి, గదిలోని వేడిని పీల్చుకొని ఆవిరి అవుతుంది. ఆ ఆవిరిని బయటి పెట్టెలోని కంప్రెసరు లాగి, గట్టిగా నొక్కి, పీడనమూ వేడిమీ పెంచుతుంది. బయటి చుట్టలో అది తన వేడిని వీధిగాలికి వదలి మళ్లీ ద్రవంగా మారుతుంది. తర్వాత వెంట్రుక వంటి సన్నని కేపిలరీ గొట్టం గుండా గాని, వాల్వు గుండా గాని పోయి పీడనం కోల్పోయి, తిరిగి గది లోపలి చుట్టకు చేరుతుంది. ఈ ప్రదక్షిణం రాత్రింబవళ్లు సాగినా ఒక్క గ్రాము గ్యాసు కూడా తరగదు. చలి దేశాలలో ఇదే యంత్రం ఒక వాల్వు సాయంతో దిశ మార్చుకొని, బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చి ఇంటిని వెచ్చబరుస్తుంది. అక్కడా సూత్రం ఇదే, లీకు బాధ కూడా ఇదే.

వాసన ఉన్న గ్యాసు, వాసన లేని గ్యాసు

ఖమ్మం మిరప మార్కెట్టుకు పేరుపొందిన ఊరు. ధర వచ్చేదాకా మిరపను దాచే శీతల గిడ్డంగులు ఇక్కడ అనేకం ఉన్నాయి. ఇటువంటి పెద్ద గిడ్డంగులలో సాధారణంగా వాడేది అమ్మోనియా. అది విషవాయువే, కాని తన ఉనికిని తానే చాటుకుంటుంది. రవ్వంత కారినా ముక్కు పగిలిపోయే ఘాటు వస్తుంది, కళ్లు మండుతాయి. లీకు ఏ కీలు వద్ద ఉన్నదో తెలుసుకోవడానికి గంధకపు పుల్లను వెలిగించి దగ్గరకు తెస్తే తెల్లని పొగ లేస్తుంది.

ఇండ్లలో అమ్మోనియా పనికిరాదు. 1920 దశకంలో పాశ్చాత్య దేశాలలో ఇంటి ఫ్రిజ్‌లలో వాడిన మిథైల్ క్లోరైడు, గంధక ద్విఆక్సైడు వంటి విషవాయువులు కారి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. ఆ భయం నుంచి పుట్టినవే క్లోరోఫ్లోరోకార్బనులు. వీటిని రూపొందించిన థామస్ మిడ్గ్లీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1930లో ఒక సభలో ఆ గ్యాసును పీల్చి, కొవ్వొత్తి మీద ఊది, అది మండదని, విషం కాదని నిరూపించి చూపించాడు. వాసన లేదు, మంట లేదు, విషం లేదు. ప్రపంచమంతా సంతోషించింది.

అయితే వాసన లేని దొంగను పట్టడం కష్టం. 1974లో మారియో మోలినా, షెర్వుడ్ రోలండ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ గ్యాసులు నశించకుండా ఆకాశపు పై పొరలకు చేరి, అక్కడ క్లోరినును విడుదల చేసి, సూర్యుని అతినీలలోహిత కిరణాల నుంచి మనను కాపాడే ఓజోను పొరను తినివేస్తాయని హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోను పొర భయంకరంగా పలుచబడుతున్న వార్త వెలువడింది. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. మన దేశం 1992లో అందులో చేరింది. మోలినా, రోలండ్‌లకు, వారితోబాటు పాల్ క్రూట్జెన్‌కు 1995లో నోబెల్ బహుమతి లభించింది.

ఇట్లా పాత గ్యాసులు తొలగాయి. ఆర్-22 కూడా 2030 నాటికి నిష్క్రమించవలసి ఉన్నది. వాటి స్థానంలో వచ్చిన ఆర్-410ఎ, ఆర్-32 ఓజోనుకు హాని చేయవు, కాని భూమిని వేడెక్కిస్తాయి. నూరేళ్ల కాలానికి లెక్క కడితే, ఒక కిలో ఆర్-22 గాలిలో కలియడం 1810 కిలోల బొగ్గుపులుసు వాయువు వదలడంతో సమానం. ఆర్-410ఎ అయితే 2088 కిలోలు, ఆర్-32 అయితే 675 కిలోలు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తుంది. అంటే కిలో ఆర్-22ను గాలిలోకి వదలడం దాదాపు 780 లీటర్ల పెట్రోలు తగలబెట్టడం వంటిది. దీనిని అరికట్టడానికే 2016లో కిగాలి సవరణ వచ్చింది. భారతదేశం 2021లో దానిని ఆమోదించింది. కనుక "కొంచెం గ్యాసే కదా, పోనిద్దురూ" అనడానికి వీలు లేదు.

రంధ్రం ఎక్కడ పడుతుంది?

లీకులలో అధికభాగం గొట్టాలు కలిసే చోటనే వస్తాయి. గోడకు లోపలి పెట్టెనూ, బయటి పెట్టెనూ కలిపే రెండు రాగి గొట్టాల కొసలను గంటపూవులా విప్పి, ఇత్తడి నట్టుతో బిగిస్తారు. దీనిని ఫ్లేర్ అంటారు. గొట్టాన్ని కట్టరుతో కాక రంపంతో కోసినా, అంచుకు ఉన్న గరుకు తీయకపోయినా, పూవు వంకరగా వచ్చినా ఆ కీలు కారుతుంది. నట్టు వదులైతే కారుతుంది, మరీ బిగిస్తే రాగి చిట్లి కారుతుంది. పావు అంగుళం గొట్టపు నట్టుకు సుమారు 14 నుంచి 18 న్యూటన్ మీటర్ల బిగింపు, అర అంగుళం దానికి సుమారు 49 నుంచి 61 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. దీనిని కొలిచే టార్క్ రెంచి అనే పనిముట్టు ఉన్నది. బలమున్న మెకానిక్ బిగించిన నట్టే గట్టి నట్టు అనుకోవడం పొరపాటు.

రెండవది, గ్యాసు నింపే సర్వీసు వాల్వు. దాని లోపల సైకిలు ట్యూబు వాల్వులో వంటి చిన్న పిన్ను ఉంటుంది. అది సరిగా కూర్చోకపోయినా, పై మూత పోగొట్టినా గ్యాసు జారుతుంది. పది రూపాయల మూతను పారేసి కిలో గ్యాసు పోగొట్టుకున్న ఇండ్లు ఎన్నో.

మూడవది, కంప్రెసరు అదురుకు ఒక గొట్టం మరొక గొట్టాన్ని ఒరుసుకొని అరిగిపోవడం. నాల్గవది కనబడని శత్రువు: లోపలి చుట్టలోని రాగిని ఆమ్లాలు తినివేయడం. కొన్ని రంగులు, జిగురులు, శుభ్రపరచే ద్రావకాలు, సిర్కా వంటివాటి ఆవిరులు తేమతో కలిసి రాగి గోడలో చీమలపుట్ట లోపలి దారుల వంటి సన్నని సొరంగాలు తొలుస్తాయి. శాస్త్రజ్ఞులు దానికి ఇచ్చిన పేరు కూడా చీమలపుట్ట తుప్పు అనే అర్థంలోనే ఉన్నది. ఒక రంధ్రం పూడ్చితే పక్కనే మరొకటి తెరుచుకుంటుంది గనుక, అట్టి చుట్టను అతకడం కన్న మార్చడమే మేలు.

గుర్తించడం ఎట్లా?

గది చల్లబడకపోతే ముందుగా గ్యాసును అనుమానించరాదు. లోపలి జల్లెడలో దుమ్ము పేరుకున్నా, బయటి చుట్ట మట్టితో మూసుకుపోయినా, ఓల్టేజీ చాలకపోయినా చలువ తగ్గుతుంది. జల్లెడ కడగడం ఖర్చు లేని పని, ముందు అది చేయాలి. లోపలి పెట్టె నుంచి నీళ్లు కారడం కూడా గ్యాసు లీకు కాదు. చాలాసార్లు నీరు పోయే గొట్టం పూడిపోవడమే దానికి కారణం.

ఇవన్నీ సరిగా ఉండి, యంత్రం ఆగకుండా తిరుగుతున్నా గది చల్లబడకపోతే, బయటి పెట్టె వద్ద సన్నని గొట్టం మీద మంచు పేరుకుంటే, అప్పుడు గ్యాసును అనుమానించవచ్చు. ఆ మంచును చూసి "కూలింగు బ్రహ్మాండంగా ఉన్నది" అని మురిసిపోయేవారున్నారు. నిజానికి గ్యాసు తగ్గితే లోపలి పీడనం పడిపోతుంది. పీడనం పడితే గ్యాసు సున్నా డిగ్రీలకన్న దిగువన మరుగుతుంది. గాలిలోని తేమ ఆ గొట్టం మీద గడ్డకడుతుంది. అది ఆరోగ్యం కాదు, జబ్బు. పైగా కంప్రెసరు మోటారును చల్లబరచేది తిరిగివచ్చే గ్యాసే. గ్యాసు తగ్గితే మోటారు కాగి, కొన్నాళ్లకు కాలిపోతుంది. వందలతో పోయే లీకు వేలతో పోయే కంప్రెసరుగా మారేది ఇట్లాగే.

లీకు ఉన్న చోటును గ్యాసే చూపిస్తుంది. గ్యాసు వెంట కొంచెం నూనె కూడా తిరుగుతూ ఉంటుంది. రంధ్రం వద్ద గ్యాసు ఎగిరిపోతుంది, నూనె మిగిలి దుమ్మును పట్టుకుంటుంది. కనుక నట్ల వద్ద, వంపుల వద్ద జిడ్డు మరకలను ముందు చూడాలి. తర్వాత సబ్బు నురుగు పూస్తే బుడగలు లేస్తాయి. మరీ సన్నని లీకులకు ఎలక్ట్రానిక్ పరికరం కావాలి. వెనుకటి ఉస్తాదులు హాలైడు దీపం వాడేవారు. గ్యాసు తగిలితే దాని మంట ఆకుపచ్చగా మారేది. అది క్లోరిను ఉన్న ఆర్-22 వంటి గ్యాసులకే పనిచేస్తుంది. క్లోరిను లేని ఆర్-32ను అది చూపించదు. పైగా ఆర్-32 అంటుకునే స్వభావం గలది. కనుక ఆ దీపాన్ని నేటి యంత్రాల దగ్గరకు తేరాదు.

సరైన మరమ్మతు క్రమం

మొదటి మెట్టు, మిగిలిన గ్యాసును గాలిలోకి వదలకుండా రికవరీ యంత్రంతో వేరే సిలిండరులోకి తీసుకోవడం. రెండవ మెట్టు, లీకును బాగుచేయడం. నట్టు అయితే కొత్త ఫ్లేర్ చేసి, పూవు మీద యంత్రపు నూనె చుక్క పూసి, కొలిచి బిగించాలి. రాగి గొట్టం అయితే వెల్డింగు కావాలి. వెల్డింగు చేసేటప్పుడు గొట్టంలో సన్నగా నైట్రోజను పారించాలి. లేకపోతే లోపలి రాగి మాడి నల్లని పొలుసులు రాలి కేపిలరీకి అడ్డం పడతాయి. గ్యాసు ఉన్న గొట్టానికి మంట తగిలిస్తే విషవాయువులు పుడతాయి గనుక ఖాళీ చేయకుండా వెల్డింగు చేయరాదు.

మూడవ మెట్టు, పీడన పరీక్ష. యంత్రం మీది పలకలో రాసిన హద్దు మించకుండా, రెగ్యులేటరు గుండా కొద్దికొద్దిగా నైట్రోజను నింపి, గేజి చూసి, వీలైతే రాత్రంతా ఉంచాలి. ఇక్కడ భౌతికశాస్త్ర విద్యార్థులకు ఒక లెక్క. మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో గేజి 30 బార్లు చూపింది. మరునాటి తెల్లవారుజామున 29 డిగ్రీల వద్ద అది 28.6 మాత్రమే చూపింది. లీకు ఉన్నట్టా? లేదు. వాతావరణ పీడనం కలిపి 31 బార్లు, పరమ ఉష్ణోగ్రతలో 316 నుంచి 302కు తగ్గితే 29.6 అవుతుంది. అందులో ఒక బారు తీసివేస్తే గేజి చూపేది 28.6. పుస్తకంలో మనం వల్లెవేసే వాయుసూత్రం ఇక్కడ మంచి గొట్టాన్ని అనవసరంగా విప్పకుండా కాపాడుతుంది.

నాల్గవ మెట్టు, వాక్యూమ్. పంపుతో గొట్టాలలోని గాలినీ తేమనూ లాగివేయాలి. పీడనం తగ్గితే నీరు గది వేడికే మరిగి ఆవిరిగా బయటికి వస్తుంది. 500 మైక్రాన్లు, అనగా పాదరసంలో అర మిల్లీమీటరు, దానికి దిగువకు వచ్చేవరకు లాగి, పంపును కట్టివేసి కొంతసేపు చూడాలి. ముల్లు ఆగకుండా పెరుగుతూ పోతే ఇంకా లీకు ఉన్నది. కొంత పెరిగి నిలిచిపోతే తేమ మిగిలి ఉన్నది. తేమ మిగిలితే నూనెతో కలిసి ఆమ్లమై లోపలి నుంచి యంత్రాన్ని తినివేస్తుంది. వాక్యూమ్ పంపు మోసుకురాలేక, కొంచెం గ్యాసునే ఊది గాలిని తోసివేసే అలవాటు కొందరిలో ఉన్నది. అది గాలిని పూర్తిగా తీయదు, తేమను అసలే తీయదు.

అయిదవ మెట్టు, తూచి నింపడం. పలక మీద ఎన్ని గ్రాములని ఉంటే అన్ని గ్రాములు, గొట్టం మామూలు కంటె పొడవైతే కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం అదనం. ఇంటి యంత్రాలలో గ్యాసు చాలావరకు కిలోకు అటూఇటుగా ఉంటుంది. నూరు గ్రాముల తేడా కూడా పనితీరును మారుస్తుంది. చేయి పెట్టి చలువ చూసి, గేజి ముల్లు చూసి "ఇక చాలు" అనడం ఊహే గాని కొలత కాదు. ఆర్-22 యంత్రంలో మరొక గ్యాసు, ఆర్-32 యంత్రంలో ఇంకొక గ్యాసు కలపడం ఎన్నడూ చేయరాదు.

ప్రాణాపాయం

ఈ వృత్తిలోకి వెళ్లదలచిన విద్యార్థులు మూడు మాటలు గుండెలో రాసుకోవాలని మా మనవి.

నైట్రోజను సిలిండరు దొరకలేదని వెల్డింగు ఆక్సిజనుతో పీడన పరీక్ష చేయరాదు. ఒత్తిడి మీద ఉన్న ఆక్సిజను నూనెను తాకితే బాంబులా పేలుతుంది.

లీకు ఉన్న యంత్రాన్ని నడుపుతూ గ్యాసును బయటి పెట్టెలోకి లాగే 'పంప్ డౌన్' చేయరాదు. రంధ్రం గుండా గాలి లోపలికి పోయి, నూనెతో కలిసి నలిగి, డీజిలు ఇంజనులో వలె మండి కంప్రెసరు పగిలిపోగలదు.

ఆర్-32 కొద్దిగా, ప్రొపేను అయిన ఆర్-290 బాగా మండే గ్యాసులు. రెండూ గాలికన్న బరువైనవి గనుక నేలబారున నిలుస్తాయి. కిటికీలు తెరవాలి, నిప్పు దగ్గరకు రానీయరాదు, లీకు అయిన గదిలో స్విచ్చి వేయరాదు.

మన అందరి బాధ్యత

మేము ఎరిగిన ఒక ఇంటిలో వరుసగా మూడు వేసవులు గ్యాసు నింపించారు. నాల్గవ ఏట వచ్చిన వయసు మళ్లిన మెకానిక్ సిలిండరు దించలేదు. ఇంటావిడను "అమ్మా, కొంచెం సబ్బు నీళ్లు ఇప్పించండి" అని అడిగాడు. బయటి పెట్టె వద్ద ఒక నట్టు కింద నల్లని జిడ్డు ఉన్నది, నురుగు పూస్తే బుడగలు లేచాయి. కొత్త ఫ్లేర్ చేసి, వాక్యూమ్ పెట్టి, తూచి నింపేసరికి సాయంత్రమైంది. ఆయన అడిగిన కూలి విని ఇంటివారు మొదట గొణిగారు. "ముందు వచ్చిన అబ్బాయి అరగంటలో చేసేవాడు కదా?" అన్నారు. ఆయన నవ్వి, "ఆయన గ్యాసు అమ్మాడండీ, నేను రంధ్రం మూశాను" అన్నాడు. ఆ తర్వాత ఆ ఇంటికి గ్యాసు అవసరం రాలేదు.

ఇందులో తప్పు మెకానిక్‌ది మాత్రమే కాదు. సిలిండరుకు డబ్బు ఇస్తాము, వెదుకులాటకు ఇవ్వము. మే నెలలో ఒక్కరోజున పది ఇండ్ల నుంచి పిలుపు వచ్చే యువకుడు ఏ పనికి కూలి దొరుకుతుందో ఆ పనే చేస్తాడు. మనం అడిగే ప్రశ్న మారితే అతని పని మారుతుంది. "గ్యాసు ఎంత?" అని కాక, "లీకు ఎక్కడ దొరికింది? నైట్రోజనుతో పరీక్షించారా? వాక్యూమ్ పెట్టారా? ఎన్ని గ్రాములు నింపారు?" అని అడగాలి. ఈ నాలుగు ప్రశ్నలకు ఖర్చు లేదు.

కళాశాల కార్యవర్గ పెద్దలకు ఒక విన్నపం. కళాశాల పైకం అంటే విద్యార్థుల రుసుములూ, దాతల విరాళాలూ. ప్రతి యంత్రానికీ ఒక పుట చొప్పున చిన్న రిజిస్టరు పెట్టించి, మరమ్మతు తేదీ, లీకు దొరికిన చోటు, నింపిన గ్రాములు రాయించితే రెండేండ్లలో ఏ యంత్రం మనను దోచుకుంటున్నదో దానంతట అదే బయటపడుతుంది.

ఇక భద్రాచలం అడవి అంచు గ్రామాలను తలచుకుందాము. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పసిపిల్లల టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గోడలలో మంచు పొర ఉన్న ప్రత్యేక ఫ్రిజ్ కరెంటు పోయినా కొంతకాలం ఆ చలువను నిలుపుతుంది. కాని దాని గొట్టంలో లీకు పడితే ఆ మంచు తిరిగి గడ్డకట్టదు. ఖమ్మం నుంచి భద్రాచలానికే నూరు కిలోమీటర్లకు పైగా దారి, ఆపైన అడవి బాట. మెకానిక్ ఒకసారి వెళితే ఆ ఒక్కసారికే పని నిలవాలి. మన ఇంటిలో లీకు అంటే ఉక్కపోత. అక్కడ లీకు అంటే ఒక ఊరి పిల్లల టీకా.

మన దేశం 2019లో ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక లక్షమంది మెకానిక్కులకు శిక్షణ, ధ్రువపత్రం ఇవ్వాలని లక్ష్యంగా పెట్టుకున్నది. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో ఈ వృత్తికి రెండేండ్ల కోర్సు ఉన్నది. డిగ్రీ చదివినవాడు పాన పట్టుకోవడం చిన్నతనమనే భావం మనలో ఇంకా పోలేదు. వాయుసూత్రం, గుప్తోష్ణం, లోహాల తుప్పు, ఆమ్లాల స్వభావం తెలిసినవాని చేతికి పాన వస్తే అది చిన్నతనం కాదు, ఆ విద్యకు సార్థకత.

చివరగా ఒక శుభవార్త. 2023 జనవరిలో శాస్త్రజ్ఞులు ప్రకటించిన అంచనా ప్రకారం, ఈ నియమాలు ఇట్లాగే సాగితే ప్రపంచంలో అధికభాగం మీద ఓజోను పొర 2040 ప్రాంతానికి, అంటార్కిటికా మీద 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరుకుంటుంది. ఆకాశానికి పడిన అంతటి చిల్లును మానవజాతి పూడ్చగలుగుతున్నప్పుడు, మన గోడ మీది రాగి గొట్టానికి పడిన చిల్లును పూడ్చలేమా? ఈ వేసవిలో ఎవరైనా "గ్యాస్ అయిపోయింది" అంటే, "అయిపోలేదు, కారిపోయింది, ఎక్కడో చూడండి" అని మన విద్యార్థి ఒక్కడు చెప్పగలిగినా మా శ్రమ ఫలించినట్లే.